నెలకు వంద కిలోమీటర్లు: ఇంకా 22 మిగిలాయి, కాలు సలుపుతోంది

కొత్తఅడుగు (28వ తేదీ, ఉదయం 6:40)

అందరికీ నమస్కారం. పరుగు మొదలుపెట్టి ఆరు నెలలు కావస్తోంది. పోయిన నెల 70 కిలోమీటర్లు పరుగెత్తాను. ఈ నెల 100 పెట్టుకున్నాను. మొదటి వారం 12, రెండో వారం 15, మూడో వారం 21, ఈ వారం 30, మొత్తం 78 అయ్యాయి. మొదటి రెండు వారాలు పనిలో తీరిక దొరక్క వెనకబడ్డాను, తరువాత అందుకుంటూ వచ్చాను. ఇంకా మూడు రోజులున్నాయి. రేపు 12, ఎల్లుండి విశ్రాంతి, 31న 10 పరుగెత్తితే వంద నిండుతుంది. ఇప్పటివరకు ఒక్క విడతలో నేను పరుగెత్తిన పెద్ద దూరం 8.

ఒక చిక్కు వచ్చింది. మూడు రోజులుగా ఎడమ కాలి ముందు ఎముకకు లోపలివైపు, చీలమండకు కాస్త పైన, సలుపుగా ఉంటోంది. పరుగు మొదట్లో తెలుస్తుంది, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది, సాయంత్రానికి మళ్లీ మొదలవుతుంది. పట్టీ కట్టుకుని ఈ 22 పూర్తి చేయవచ్చా? వచ్చే నెలకు 120 పెట్టుకుందామనుకుంటున్నాను. సలహా చెప్పండి.

పాతబూట్లు (28వ తేదీ, ఉదయం 7:05)

22 పూర్తి చేయవచ్చా అన్నదానికి నా జవాబు: వద్దు. వచ్చే నెల 120 సంగతికైతే, అసలే వద్దు.

మీ నాలుగు వారాల లెక్కను మీరే మరోసారి చదవండి. రెండో వారం 15, నాలుగో వారం 30. పద్నాలుగు రోజుల్లో రెట్టింపు చేశారు. వంద అనే అంకె మిమ్మల్ని ఏమీ చేయలేదు. నెల సగం ఖాళీగా పోయాక మిగిలిన సగంలో దాన్ని కుక్కడం దెబ్బ కొట్టింది. నెల లక్ష్యాలు పెట్టుకునేవారిలో నేను చూసిన గాయాల్లో చాలావరకు 20వ తేదీ దాటాకే మొదలవుతాయి. 31 రాత్రి లెక్క ముగుస్తుంది, మరునాటి ఉదయం సున్నా నుంచి మళ్లీ మొదలవుతుంది. కాళ్లకు మాత్రం 31 తరువాత వచ్చేది 32.

ఈ నెల 78తో ముగించండి. పోయిన నెలకంటే ఎక్కువే కదా.

పంతం (28వ తేదీ, ఉదయం 7:48)

పాతబూట్లు గారి మాట సరే, నొప్పి ఉంది కాబట్టి ఆగాల్సిందే. కానీ ఈ వేదికలో నెల లక్ష్యం అనగానే అందరూ ముఖం చిట్లించడం నాకు నచ్చదు. అంకె లేకపోతే నాలాంటివాడు మంచం దిగడు. వర్షం పడుతోందనో, నిద్ర చాలలేదనో ఏదో ఒక సాకు చూసుకుంటాను. గోడమీద కాగితంలో గడులు ఖాళీగా కనబడితే తప్ప బూట్లు వేసుకోను. తప్పు అంకెది కాదు, అందుకునే తీరుది అని మీరే అన్నారు. అయితే ఆ తీరు ఎలా ఉండాలో చెప్పండి, అంకెను తీసేయమనకండి.

కండరాలభాష (28వ తేదీ, ఉదయం 8:30)

నేను ఫిజియోథెరపిస్టుని. ఇక్కడ చదివి రోగ నిర్ణయం చేయలేను, అయినా కొత్తఅడుగు గారు ఇంట్లోనే ఒకటి చూసుకోవచ్చు. కుర్చీలో కూర్చుని ఎడమ చీలమండను కుడి మోకాలిమీద పెట్టుకోండి. ముందు ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో కింది నుంచి పైకి, వేలెడు చొప్పున జరుపుతూ నొక్కుతూ రండి. మూడు వేళ్ల వెడల్పున, అంటే సుమారు 5 సెంటీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ పొడవునా నొప్పిగా ఉంటే, అది సాధారణంగా ఎముక అంచున ఒత్తిడి వల్ల వచ్చే నొప్పి. జిమ్‌లలో షిన్ స్ప్లింట్స్ అంటుంటారు. అలా కాకుండా ఒక్క బొటనవేలు కింద పట్టేంత చోట మాత్రమే కలుక్కుమంటే, లేదా రాత్రి పడుకున్నప్పుడు, నడుస్తున్నప్పుడు కూడా నొప్పి ఉంటే, ఎముకలో సన్నని పగులు ఉందేమోనని అనుమానించాలి. అప్పుడు పరుగు మాట పక్కన పెట్టి డాక్టరును చూడాలి. ఇలాంటి పగుళ్లు మొదటి వారాల్లో ఎక్స్‌రేలో తరచుగా కనబడవు. ఎక్స్‌రే బాగుంది అన్నారని పరుగెత్తి ఇంకా పెద్దది చేసుకున్నవారు నా దగ్గరకు వస్తుంటారు. ఎం.ఆర్.ఐ. తీస్తే తెలుస్తుంది.

ఒంటికాలిమీద గెంతి చూసుకోమని ఇంటర్నెట్‌లో చెబుతుంటారు. పగులు అనుమానం ఉన్నప్పుడు పదేపదే గెంతకండి, దయచేసి.

పరుగులో వేడెక్కాక తగ్గిందంటే పోయినట్లు కాదు. సాయంత్రం, మర్నాడు ఉదయం ఎలా ఉందన్నదే చూడాలి. మీకు సాయంత్రానికి తిరిగి వస్తోంది.

లెక్కలమనిషి (28వ తేదీ, ఉదయం 9:15)

ఆ 12 సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నాకు అన్నిటికంటే అదే భయంగా ఉంది.

2025లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. పరుగెత్తేవారు 5,200 మందికి పైగా, వారి గడియారాల లెక్కలు తీసుకుని చూశారు. గడిచిన 30 రోజుల్లో ఒక్క విడతలో పరుగెత్తిన అతి పెద్ద దూరాన్ని కొలబద్దగా తీసుకున్నారు. దానికంటే 10 నుంచి 30 శాతం ఎక్కువ దూరం ఒకే పరుగులో వెళ్లినప్పుడు, అతివాడకం వల్ల వచ్చే గాయాల రేటు 64 శాతం ఎక్కువగా కనబడింది. రెట్టింపు దాటితే రేటు కూడా రెట్టింపు దాటింది. మనమందరం లెక్కపెట్టుకునే వారం మొత్తం దూరం విషయంలో మాత్రం అలాంటి సంబంధం తేలలేదు.

కొత్తఅడుగు గారికి 30 రోజుల్లో పెద్ద పరుగు 8 కిలోమీటర్లు. అందులో 10 శాతమంటే 800 మీటర్లు. అంటే ఇప్పుడు ఆయన పరిధి 8.8. ఆయన అనుకుంటున్నది 12, సగానికి సగం ఎక్కువ. కాలు బాగున్నా నేను వద్దనేవాణ్ని.

పంతం (28వ తేదీ, ఉదయం 9:40)

అయితే వారానికి 10 శాతం పెంచాలన్న పాత సూత్రం చెల్లదా? నేను దాన్నే పట్టుకుని వేళ్లాడుతున్నాను.

లెక్కలమనిషి (28వ తేదీ, ఉదయం 10:20)

ఆ సూత్రం చాలాకాలంగా నోటి మాటగా నడుస్తోంది. నెదర్లాండ్స్‌లో పరుగు కొత్తగా మొదలుపెట్టినవారిని రెండు జట్లుగా చేసి పరీక్షించారు, ఫలితాలు 2008లో వచ్చాయి. ఒక జట్టు 13 వారాలపాటు, వారానికి 10 శాతం చొప్పున మెల్లగా పెంచింది. రెండో జట్టు 8 వారాల మామూలు పద్ధతిలో వెళ్లింది. రెండు జట్లలోనూ దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి గాయమైంది, తేడా లేదు.

అంతమాత్రాన ఎంతైనా పెంచేయవచ్చని కాదు. కొత్తవారిమీదే 2014లో వచ్చిన మరో పరిశోధనలో, రెండు వారాల్లో 30 శాతానికి మించి పెంచినవారికి మోకాలిచిప్ప నొప్పి, ముందు ఎముక నొప్పి వంటి కొన్ని రకాల గాయాలు ఎక్కువగా వచ్చినట్లు కనబడింది. వారానికి 5 కిలోమీటర్లు పరుగెత్తేవారికి 10 శాతమంటే అర కిలోమీటరు, అది మరీ పిసినారితనం. 80 పరుగెత్తేవారికి 8, అది ఒక్కోసారి ఎక్కువ. ఒకే శాతం అందరికీ ఎలా సరిపోతుంది?

కండరాలభాష (28వ తేదీ, మధ్యాహ్నం 1:10)

లెక్కలమనిషి గారితో ఒక చోట పేచీ ఉంది. వారం లెక్కలో సంబంధం తేలలేదన్న మాట విని కొందరు, ఒక్కో పరుగును చిన్నగా ఉంచితే వారానికి ఏడు రోజులూ వెళ్లవచ్చని అనుకుంటారు. ఎముక అలా ఒప్పుకోదు. భారం పెరగగానే ఎముక ముందు గట్టిపడదు, ముందు కరుగుతుంది. పాత పదార్థాన్ని తొలిచేసే కణాలు సుమారు మూడు వారాలు పనిచేస్తాయి, ఆ ఖాళీని కొత్త ఎముకతో నింపడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో ఎముక మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. కొత్తగా దూరం పెంచినవారికి మూడో, నాలుగో వారంలో నొప్పి మొదలవడానికి ఇదొక కారణం. కొత్తఅడుగు గారి మూడో వారం, నాలుగో వారం చూడండి.

ఊపిరి, గుండె కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. కండరాలు వాటి వెనకే వస్తాయి. కండరాల్ని ఎముకలకు కలిపే స్నాయువులు, ఎముకలు నెలలు తీసుకుంటాయి. అందుకే నాలుగో నెలలోనో, ఆరో నెలలోనో ఆయాసం తగ్గి, ఇంకా ఎంతైనా పరుగెత్తగలననిపించే రోజులే నాకు అన్నిటికంటే అనుమానంగా ఉంటాయి.

లెక్కలమనిషి (28వ తేదీ, మధ్యాహ్నం 1:35)

ఒప్పుకుంటున్నాను. ఆ పరిశోధన పరిశీలన మాత్రమే, గాయాలు కూడా పరుగెత్తినవారు స్వయంగా చెప్పినవే. ఒక్క పరుగులో దూకుడు వద్దన్నంతవరకే నేను దాన్ని వాడుతున్నాను.

రాత్రిపరుగు (28వ తేదీ, రాత్రి 10:50)

పిల్లలు పడుకున్నాకే నా పరుగు, అందుకే ఆలస్యంగా రాస్తున్నాను. పంతం గారడిగిన తీరు గురించి నా పద్ధతి చెబుతాను. నేను నెలకు కిలోమీటర్లు పెట్టుకోను, ఎన్నిసార్లు బయటికి వెళ్లాలన్నది పెట్టుకుంటాను. వారానికి మూడు, వీలైతే నాలుగు. ఒకసారి పోతే పోయిందంతే, మరుసటి వారంలోకి మోసుకెళ్లను. 20 నిమిషాలు వెళ్లినా ఒకటే, గంట వెళ్లినా ఒకటే. గడి నిండుతుంది, పంతం గారి గోడ కాగితానికీ సరిపోతుంది. దూరం దానంతటదే వస్తుంది. చివరి వారంలో రెండు మిగిలితే రెండు చిన్న పరుగులు చేస్తే చాలు, 22 కిలోమీటర్లు చేయనక్కరలేదు.

ఇంకో సంగతి. 100 కిలోమీటర్లన్నది 31 రోజుల నెలలో వారానికి 22.6, ఫిబ్రవరిలో 25. అదే అంకె, పది శాతానికి పైగా బరువు. ఈ నెలలన్నీ సమానంగా లేకపోవడం ఎవరి పనో కానీ, పరుగెత్తేవాళ్లను అడిగి చేసింది మాత్రం కాదు.

పాతబూట్లు (29వ తేదీ, ఉదయం 5:55)

రాత్రిపరుగు గారి పద్ధతికి నా చేర్పు: అంకె కావాలనుకునేవారు ఒకటి కాదు, రెండు పెట్టుకోండి. కిందిది, పైది. ఉదాహరణకు నెలకు 70 నుంచి 85. 70కి తగ్గితే బద్ధకం. 85 దాటితే అది కూడా తప్పిన లక్ష్యమే, ఎవరూ శభాష్ అనకూడదు. పై గీత లేని లక్ష్యం మంచి నెలలో మనల్ని పాడుచేస్తుంది. అన్నీ అనుకూలంగా ఉన్న నెలలో 85 అనుకున్నది 110 అవుతుంది, ఆ తరువాత రెండు నెలలు మంచు గడ్డల సంచీ పెట్టుకుని కూర్చోవాలి.

వారాలకు కూడా అంతే. మూడు వారాలు కొద్దికొద్దిగా పెంచి, నాలుగో వారం తగ్గించడం పాత పద్ధతి. నాకు అదే నచ్చుతుంది. 18, 20, 22, ఆ తరువాత 15. నెల చివరి వారం తేలికగా ఉండేలా చూసుకుంటే, అందుకోవాలన్న తాపత్రయమే ఉండదు. పనివల్లో జ్వరంవల్లో పోయిన కిలోమీటర్లు పోయినవే, వాటిని అప్పు రాసుకోవద్దు.

నా పుస్తకంలో ప్రతి పరుగుకూ దూరం పక్కనే ఇంకో గడి ఉంటుంది. మర్నాడు మంచం దిగి వేసే మొదటి పది అడుగులు ఎలా ఉన్నాయన్నది అందులో రాస్తాను. మడమ పట్టేసిందా, మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకున్నానా, ఇలాంటివి. దూరం గడికంటే ఆ గడే నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది.

పంతం (29వ తేదీ, ఉదయం 6:30)

పై గీత! ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నచ్చింది, గోడమీద ఎర్ర పెన్నుతో గీస్తున్నాను.

అయితే రోజూ తప్పకుండా పరుగెత్తే వరసల సంగతి ఏమిటి? బ్రిటన్ మారథాన్ పరుగువీరుడు రాన్ హిల్ 1964 నుంచి 2017 వరకు, 52 ఏళ్లకు పైగా ఒక్క రోజు మానలేదంటారు. ఆయన కాళ్లకేమీ కాలేదా?

పాతబూట్లు (29వ తేదీ, ఉదయం 6:52)

నిజమే. కానీ ఆయన పెట్టుకున్న కనీసం రోజుకు ఒక మైలు, అంటే 1.6 కిలోమీటర్లు. పైగా ఆయన 1970లో బోస్టన్ మారథాన్ గెలిచిన మనిషి. అలాంటివారి కాళ్లను చూసి మన లక్ష్యాలు రాసుకోకూడదు. న్యూజిలాండ్ శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ పేరు చెప్పి వారానికి 160 కిలోమీటర్లు అనేవారూ ఇంతే. ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ 1960 ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచాడు, శిక్షణలో అంత దూరం పరుగెత్తాడు కూడా. అంకె ఒక్కటే అందరికీ గుర్తుంది. అక్కడికి చేరడానికి పట్టిన ఏళ్లు ఎవరూ అడగరు.

నిదానం (29వ తేదీ, ఉదయం 11:20)

పెద్దవయసులో మొదలుపెట్టినవాడిని, నాకు ఈ పరిశోధనలు తెలియవు. ఒక్కటి అడుగుతాను. కొత్తఅడుగు గారూ, ఎంత వేగంతో పరుగెత్తుతున్నారు? ఆ సంగతి మీరు రాయలేదు.

కొత్తఅడుగు (29వ తేదీ, మధ్యాహ్నం 12:15)

ప్రతిసారీ ముందురోజుకంటే కొంచెం వేగంగా వెళ్లాలని చూస్తాను. పరుగు ముగిసేసరికి మాట రాదు. అలాగే ఉండాలి కదా?

నిదానం (29వ తేదీ, మధ్యాహ్నం 12:40)

అలా ఉండకూడదు బాబూ. పక్కన ఎవరైనా ఉంటే ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. దూరం పెంచే నెలలో వేగం పెంచవద్దు, వేగం పెంచే నెలలో దూరం పెంచవద్దు. సిగ్గుపడకుండా నడవండి కూడా. ఐదు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక, అలా గంటైనా హాయిగా వెళ్లవచ్చు. నడిచిన దూరాన్ని లెక్కలోంచి తీసేయాలని ఎవరూ శాసనం చేయలేదు.

లెక్కలమనిషి (29వ తేదీ, మధ్యాహ్నం 1:05)

నిదానం గారు పరిశోధనలు తెలియవంటూనే వాటి సారం చెప్పేశారు. స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రవేత్త మేటి క్రీడాకారుల శిక్షణను గమనించి, వారి కసరత్తుల్లో సుమారు 80 శాతం తేలిక స్థాయిలోనే ఉంటుందని రాశారు. మనం మాత్రం ఉన్న మూడు పరుగుల్నీ పోటీలా పరుగెత్తుతాం.

పెద్ద అంగలు వేసే అలవాటు ఉంటే అది కూడా చూసుకోండి. నిమిషానికి అడుగుల సంఖ్యను 5 నుంచి 10 శాతం పెంచితే, అంటే అంగలు చిన్నవి చేస్తే, మోకాలిమీద, తుంటిమీద భారం తగ్గుతుందని 2011లో ఒక ప్రయోగశాల పరిశోధన చూపింది. అందరికీ 180 అడుగులే ఉండాలన్న మాటను మాత్రం నమ్మకండి. మీ ఎత్తును బట్టి, వేగాన్ని బట్టి అది మారుతుంది.

రాత్రిపరుగు (29వ తేదీ, రాత్రి 11:05)

ఆడవాళ్లు చదువుతుంటే ఒక మాట. దూరం పెంచుతున్న నెలల్లో నెలసరి తప్పితే, తేలికైపోయిందని సంతోషించకండి. తింటున్నది చేస్తున్న పనికి చాలడం లేదన్న సంకేతం కావచ్చు, ఎముకలు దానివల్లే బలహీనపడతాయి. ఇది మగవాళ్లకూ వస్తుంది, వాళ్లకు ఇంత స్పష్టంగా తెలియదంతే. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనిమీద ప్రత్యేకంగా ఒక ప్రకటన ఇచ్చింది. దూరం పెంచుతూ అదే నెలలో బరువు కూడా తగ్గాలనుకోవడం రెండు పడవలమీద కాళ్లు పెట్టడమే.

కండరాలభాష (30వ తేదీ, ఉదయం 8:10)

రాత్రిపరుగు గారు చాలా ముఖ్యమైన సంగతి రాశారు. పదేపదే ఎముక పగుళ్లు వచ్చేవారిని నేను మొదట అడిగేది ఇదే.

నొప్పి ఉన్నప్పుడు ఎంతవరకు పరుగెత్తవచ్చని చాలామంది విడిగా సందేశాలు పంపారు. ఇక్కడే రాస్తాను. మడమ వెనక స్నాయువు నొప్పిలాంటివాటికి వాడే కొలత ఒకటి ఉంది. సున్నా నుంచి పది వరకు వేసుకుంటే, ఐదు వరకు నొప్పిని ఓర్చుకుంటూ కసరత్తు చేయవచ్చు. కానీ మర్నాడు ఉదయానికి అది మామూలు స్థాయికి దిగాలి, వారం వారానికి పెరగకూడదు. ఈ కొలత స్నాయువులకే. ఎముక నొప్పికి వాడకండి. ఎముక పగులు అనుమానం ఉంటే అనుమతించే అంకె సున్నా. ముఖ్యంగా గజ్జల్లో లోతుగా వచ్చే నొప్పిని తుంటి దగ్గర తొడ ఎముక మెడలో పగులు కాదని తేలేదాకా తేలిగ్గా తీసుకోవద్దు.

పిక్కల బలం కూడా చూసుకోండి. మెట్టు అంచున నిలబడి ఒంటికాలితో మడమ పైకెత్తి, మూడు లెక్కపెట్టేదాకా మెల్లగా దించాలి. పదిహేను వచ్చేసరికి పిక్క వణికితే దూరం పెంచడానికి తొందరలేదని అర్థం. (ఇప్పుడు నొప్పి ఉన్నవారు ముందు చూపించుకోండి.) వ్యాయామాలతో గాయాల నివారణపై 2014లో చాలా పరిశోధనల్ని కలిపి చూసినప్పుడు, బలం పెంచే కసరత్తులు ఆటల గాయాల్ని బాగా తగ్గించాయి, కండరాల్ని సాగదీయడం వల్ల మాత్రం గుర్తించదగ్గ మేలు కనబడలేదు. సాగదీయడం హాయిగా ఉంటే చేయండి, గాయం రాదన్న భరోసాతో చేయకండి.

పంతం (30వ తేదీ, ఉదయం 8:45)

పట్టీలు, కొత్త బూట్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. బూట్లు మార్చితే తగ్గదా?

పాతబూట్లు (30వ తేదీ, ఉదయం 9:00)

నా పేరు చూసి అడిగారా? సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్ల తరువాత మార్చమంటారు. అరిగిపోతే మార్చండి. దూరం వల్ల వచ్చిన నొప్పికి బూట్లు మందు కాదు. నెల చివరి వారంలో కొత్త జత కొని, అదే ఉత్సాహంతో ఇంకో 10 కిలోమీటర్లు పరుగెత్తేవారిని చూశాను కాబట్టి, నెల మధ్యలో బూట్ల దుకాణం వైపు వెళ్లవద్దనే నా సలహా.

గడియారం 9.87 చూపిస్తే 10 చేయడానికి ఇంటి గేటు ముందు ప్రదక్షిణలు చేసేవారికీ ఇదే చెబుతాను. చెట్ల కింద, ఎత్తైన భవనాల మధ్య ఆ గడియారం లెక్కే అటూ ఇటూ ఉంటుంది.

కొత్తఅడుగు (తరువాతి నెల 6వ తేదీ, సాయంత్రం 6:20)

అందరికీ ధన్యవాదాలు. 78 దగ్గరే ఆపేశాను. డాక్టరును చూశాను. నొప్పి అరచేయి పొడవునా ఉంది, ఒక్క చోట కాదు. పగులు అనుమానం లేదన్నారు, రెండు వారాలు పరుగు వద్దన్నారు. నొప్పి లేనంతవరకు సైకిలు తొక్కవచ్చట.

ఈ నెలకు కిలోమీటర్ల లక్ష్యం లేదు. 15వ తేదీ నుంచి నొప్పి లేకుండా చురుకుగా అరగంట నడవగలిగితే, నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెడతాను, వారానికి మూడుసార్లు. వచ్చే నెలకు 45 కింది గీత, 60 పై గీత. పెద్ద పరుగు మళ్లీ 5 నుంచి మొదలు, ఎందుకంటే లెక్కలమనిషి గారి 30 రోజుల కొలబద్దలో అప్పటికి నా 8 ఉండదు. సరిగానే అర్థం చేసుకున్నానా?

లెక్కలమనిషి (6వ తేదీ, సాయంత్రం 6:45)

సరిగానే. చాలామంది విశ్రాంతి తరువాత పాత పెద్ద పరుగు దగ్గరే మళ్లీ మొదలుపెడతారు. నిజానికి 5 కూడా తొలివారంలో వద్దు. నడక, పరుగు కలిపి 3తో మొదలుపెట్టి, ఒళ్లు ఏమంటుందో చూస్తూ 5 దాకా వెళ్లండి.

కండరాలభాష (6వ తేదీ, రాత్రి 8:30)

వరసగా రెండు రోజులు పరుగెత్తకండి, మధ్యలో ఒక రోజు ఖాళీ ఉంచండి. వాలు రోడ్డులో ఎప్పుడూ ఒకే అంచున పరుగెత్తే అలవాటుంటే అది కూడా మార్చండి.

నిదానం (6వ తేదీ, రాత్రి 9:10)

నాదొక సందేహం మిగిలింది. వర్షాకాలంలో ట్రెడ్‌మిల్‌మీద పరుగెత్తుతాను, ఏటవాలు పెంచుకుంటే దూరం తగ్గించుకోవచ్చని మా అబ్బాయి అంటాడు. ఆ కిలోమీటర్లు లెక్కలో వేసుకోవచ్చా?

కండరాలభాష (6వ తేదీ, రాత్రి 9:25)

వేసుకోండి నిదానం గారూ. కానీ ఏటవాలు పెంచితే పిక్కమీద, మడమ వెనక స్నాయువుమీద భారం పెరుగుతుంది. దూరం తగ్గించినా అది కొత్త భారమే. మొదటి రెండు వారాలు ఒక శాతం ఏటవాలు దాటించకండి, ఉదయం మడమ పట్టేస్తే మళ్లీ సున్నాకు దించండి.

నిదానం (6వ తేదీ, రాత్రి 9:31)

అబ్బాయి ఆరు పెట్టి వెళ్లాడు. ఇప్పుడే దించి వస్తాను.